కలం బాకీ

మా పెదనాన్నగారి కుడిచేతి చూపుడువేలి మీద పదేళ్ళపాటు ఒక సిరామచ్చ ఉండేది. మొదటి కణుపుకు కొంచెం కింద, లోపలివైపున, శనగగింజంత నీలిమచ్చ. రాత్రి భోజనానికి కూర్చునే ముందు కుంకుడు నురుగుతో రుద్దితే పలచబడేది; మర్నాటి మధ్యాహ్నానికి మళ్ళీ చిక్కబడేది. ఆ మచ్చకు కారకుణ్ణి నేను. ఆ సంగతి ఆయనతో ఏనాడూ చెప్పలేదు. చెప్పవలసిన వయసులో భయం అడ్డొచ్చింది, భయం పోయిన వయసులో సిగ్గు అడ్డొచ్చింది. చివరికి ముప్ఫై అయిదేళ్ళు గడిచాక, చెప్పడానికి బదులుగా ఒక కలం చేసి ఇచ్చాను. ఆ కలం చేయడంలో నేను పడిన పాట్లూ, నేర్చుకున్న నాలుగు ముక్కలూ ఇక్కడ రాసుకుంటున్నాను.

పెదనాన్నగారు దస్తావేజు లేఖరి. గోదావరి తీరాన ఒక చిన్న పట్టణంలో, సబ్‌రిజిస్ట్రారు కచేరీ ఎదుట, పెంకుల వసారాలో ఆయన బల్ల ఉండేది. క్రయం, తనఖా, దానం, భాగపంపిణీ, వీలునామా... మనుషులు భూమితోనూ, తమలో తామూ పెట్టుకునే ఒప్పందాలకు ఎన్ని పేర్లున్నాయో అన్నీ ఆయన చేతిమీదుగా కాగితమెక్కేవి. 1998లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్లను కంప్యూటర్ల మీదికి తెచ్చే పని మొదలయ్యేవరకూ అదంతా చేతిరాతే. దస్తావేజు రాయడం ఒక ఎత్తు. దానిని కచేరీలోని లావుపాటి పుస్తకాలలోకి అక్షరం పొల్లుపోకుండా నకలు దించడం మరో ఎత్తు. కొట్టివేత పడితే, ఫలానా పంక్తిలో ఫలానా మాట కొట్టివేయబడినదని చివర మళ్ళీ రాసి సంతకాలు పెట్టించాలి. స్టాంపు కాగితం మీద సిరాచుక్క పడితే ఆ కాగితం ఖరీదు ఎవరో ఒక రైతు మోయాలి. అటువంటి వృత్తిలో ఉన్నవాడికి చేయి ఎంత ముఖ్యమో, కలమూ అంత ముఖ్యం.

ఆయన కలం రాజమండ్రిలో కొన్నది. నల్లని ఎబొనైట్ కలం. గొట్టం మీద ఆయన పేరు సన్నగా చెక్కి, ఆ గీతల్లో తెల్లరంగు నింపి ఉండేది. బ్లూబ్లాక్ సిరా తప్ప మరొకటి పోసేవారు కాదు. ఆ కలాన్ని మరెవరూ ముట్టుకోకూడదన్న నియమం ఇంట్లో ఎవరూ పైకి చెప్పలేదు. చెప్పవలసిన అవసరం రాలేదు.

రాజమండ్రి కలాల గురించి తెలుగువాళ్ళకు కొత్తగా చెప్పేదేముంది! 1932లో కె.వి. రత్నంగారు అక్కడ మొదలుపెట్టిన కలాల తయారీ స్వదేశీ ఉద్యమంతో ముడిపడినది. ఆయన పంపిన కలాన్ని వాడి చూసి, బాగున్నదని గాంధీగారు 1935 జూలై 16న ఉత్తరం రాశారు. అంతకు కొద్ది నెలల క్రితమే, 1934 డిసెంబరులో, వార్ధాలో అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం ఏర్పడింది. పల్లెల్లో, చిన్న ఊళ్ళలో చేతిపని బతకాలన్న తపన తీవ్రంగా ఉన్న రోజులవి. ఆ తరువాత ఎందరు విదేశీ కలాలు పట్టుకు తిరిగినా, బాల్‌పెన్నులు వచ్చి అందరి జేబుల్లో చేరినా, ఎబొనైట్ కడ్డీని లేతు మీద చెక్కి కలం చేసే విద్య ఆ ఊళ్ళో ఆరిపోలేదు.

ఇక నా నేరం సంగతి.

1989 మార్చి. పదో తరగతి పరీక్షలు. సాంఘికశాస్త్రం పరీక్షనాటి ఉదయం, పెదనాన్నగారు స్నానానికి వెళ్ళిన సమయం చూసి, ఆయన చొక్కాజేబులోంచి ఆ కలం తీసుకున్నాను. ఆ రోజు ఆదివారం కాదు, సెలవూ కాదు; ఆయన పని మానుకుని కూర్చోవలసి వస్తుందన్న ఆలోచన నాకు తట్టనే లేదు. ఆ కలంతో రాస్తే ఆయన అక్షరాలే పడతాయని నమ్మకం. రెండో జవాబు రాస్తూండగా, గొట్టమూ వేళ్ళు పట్టుకునే భాగమూ కలిసేచోట సిరా చెమ్మగిల్లుతున్నట్టు కనిపించింది. బిగించాను. ఆగలేదు. ఇంకొంచెం బిగించాను. ఆఖరికి చేతిరుమాలు చుట్టి, బలమంతా పెట్టి తిప్పాను. గోరు విరిచినట్టు సన్నని చప్పుడు. గొట్టం మూతి దగ్గర వెంట్రుకవాసి బీట!

మిగిలిన పరీక్ష పక్కవాడి కలంతో రాశాను. ఇంటికి వచ్చి, పెదనాన్నగారి బల్లసొరుగులో ఒక మూలకు ఆ కలాన్ని జారవిడిచాను. అక్కడే పెట్టి మరచిపోయానని ఆయన అనుకుంటారని నా ఎత్తు. సాయంత్రం ఆయన సొరుగు తీశారు, కలం విప్పారు, వెలుతురు వైపు పెట్టి చూశారు. ఎవరినీ ఏమీ అడగలేదు. మర్నాడు చూస్తే గొట్టం మూతికి నల్లదారం దగ్గరదగ్గరగా చుట్టి, దాని మీద కచేరీలో ముద్రలు వేసే లక్క కరిగించి పూసి ఉంది. ఆ కట్టుతోనే ఆయన మరో పదేళ్ళు దస్తావేజులు రాశారు. కట్టులోంచి ఊరే చెమ్మే ఆ వేలి మీది మచ్చ.

* * *

2024 వేసవిలో ఊరు వెళ్ళాను. పెదనాన్నగారికి అప్పటికి 83 ఏళ్ళు. కీళ్ళవాతంతో వేళ్ళు వంకర్లు తిరిగాయి. ఏదో దరఖాస్తు మీద సంతకం చేస్తూ, బాల్‌పెన్నును మూడు వేళ్ళతో కాక పిడికిలితో పట్టుకుని గీస్తున్నారు. సంతకం ముగిసేసరికి నుదుటి మీద చెమట.

"ఒత్తితే గానీ రాయదురా ఇది," అన్నారు. "ఒత్తడమే నా చేత కాదు."

ఆయన అన్నది అక్షరాలా నిజం. బాల్‌పెన్నులో చిక్కని సిరా ఉంటుంది. కొసనున్న గోళీ కాగితం మీద దొర్లితే గానీ అది బయటికి రాదు. గోళీ దొర్లాలంటే కలాన్ని అదమాలి. పాళీకలానికి ఆ బాధ లేదు. పాళీ చీలికలో నీళ్ళలాంటి సిరా ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. కాగితాన్ని తాకితే చాలు, ఒత్తి గుడ్డ నూనెను పీల్చినట్టు కాగితమే సిరాను లాక్కుంటుంది. కలం బరువే సరిపోతుంది, చేతి బలంతో పనిలేదు.

"మీ పాత కలం ఉందా పెదనాన్నా?" అని అడిగాను. పెద్దమ్మ చెక్కపెట్టెలోంచి తెచ్చి ఇచ్చింది. దారం పట్టు తప్పి వేలాడుతోంది, లక్క పెచ్చులు రాలింది. నేను చేసిన బీటను పెద్దవాడినయ్యాక చూడడం అదే మొదటిసారి. గొట్టం మూతి గోడ మందం ఒక్క మి.మీ. ఉంటుంది. అంత పలచని గోడను నేను రుమాలు చుట్టి బిగించాను!

నేను మెకానికల్ ఇంజనీరును. పాతికేళ్ళకు పైగా యంత్రభాగాల బొమ్మలు గీస్తున్నాను. మరచుట్లు లెక్కలేనన్ని గీశాను; నా చేత్తో కోసినది ఒక్కటీ లేదు. రాజమండ్రి వెళ్ళి కొలతలిచ్చి చేయించుకు రావచ్చు; చేసే చేతులు అక్కడ ఇంకా ఉన్నాయి. కానీ పగలగొట్టినవాణ్ణి నేనైనప్పుడు, డబ్బిచ్చి తప్పుకోవడం న్యాయమనిపించలేదు.

కలానికి కొలతలు తీసుకోవడానికి పెద్దమ్మ కలిపిన చపాతీపిండి సాయపడింది. పిండిని బొటనవేలంత లావు కడ్డీలా చుట్టి పెదనాన్నగారికిచ్చి, రాస్తున్నట్టు పట్టుకోమన్నాను. "ఏమిటిరా ఈ పిల్లచేష్టలు," అంటూనే పట్టుకున్నారు. వేళ్ళు నొప్పి లేకుండా ఎంతవరకు ముడుచుకోగలవో అంతవరకు పిండి నొక్కుకుంది. ఆ నొక్కులను వెర్నియరుతో కొలిస్తే 14 మి.మీ. వచ్చింది. మామూలు కలాలకు వేళ్ళు పట్టే చోటు 9, 10 మి.మీ.కు మించదు. వంగని వేళ్ళను ఆ సన్నని కడ్డీ చుట్టూ వంచాలనడమే ఇన్నాళ్ళూ ఆయన పడిన బాధ. ఇంకో సంగతి కూడా ఆ పిండిలో కనిపించింది. ఆయన బొటనవేలు చూపుడువేలికి ఎదురుగా కాక, కొంచెం వెనక్కి పడుతోంది. అందుచేత పట్టు మధ్యలో పలచని నడుము, పాళీ దగ్గర వేళ్ళు జారకుండా చిన్న అంచు పెట్టాలని గీసుకున్నాను.

* * *

హైదరాబాదులో బాలానగర్ వైపు చిన్నచిన్న లేతు షాపులు ఎన్నో ఉన్నాయి. తెలిసిన మేస్త్రి ఒకాయన, ఆదివారాలు మధ్యాహ్నం నుంచి తన పాత లేతును నాకు విడిచిపెట్టడానికి ఒప్పుకున్నాడు. మొదటిరోజు నేను పట్టుకెళ్ళిన కడ్డీని గోటితో గీరి, వాసన చూసి, "రబ్బరా సార్ ఇది?" అన్నాడు.

రబ్బరే. రబ్బరులో నూటికి ముప్ఫై, నలభై పాళ్ళు గంధకం కలిపి గంటల తరబడి వేడిచేస్తే సాగే గుణం పూర్తిగా చచ్చిపోయి, చేవదేరిన కట్టెలా గట్టిపడుతుంది. అదే ఎబొనైట్. ఎబొనీ అనే నల్లచేవ మాను పేరు మీదుగా ఆ పేరు వచ్చింది. మనం బీడీలాకు కోసే తునికి చెట్టు ఆ కుటుంబానిదే. దాని చేవా నలుపే. ఈ ఎబొనైట్ లోహంలా చల్లగా తగలదు, ప్లాస్టిక్‌లా జారదు. కాసేపు పట్టుకుంటే చేతి వెచ్చదనానికి వచ్చేస్తుంది. ఎండా తడీ తగిలితే మాత్రం నలుపు వెలిసి గోధుమరంగులోకి దిగుతుంది. పెదనాన్నగారి పాత కలంలో ఆయన వేళ్ళు పట్టిన చోటల్లా అలా వెలిసిపోయి ఉంది.

లేతు మీద తిరుగుతున్న కడ్డీకి ఉలి ఆనించగానే, చాక్లెట్ రంగు రిబ్బన్లలా పొట్టు చుట్టలు చుట్టుకుంటూ లేచింది. దానితో పాటు అగ్గిపుల్ల గీసినట్టు గంధకం వాసన. ఆ వాసన ఇంటికి వెళ్ళాక కూడా చొక్కాలో ఉండేది. పని సులువుగానే ఉందనుకున్నాను. ఆ గర్వం గంటసేపు నిలిచింది.

మొదటి గొట్టం తొలవడంలోనే పాడయింది. లోతైన కన్నం ఒక్క ఊపున దించబోయాను. డ్రిల్లు చుట్టూ పొట్టు కూరుకుపోయి, వేడెక్కి, ఎబొనైట్ మెత్తబడి పట్టేసింది. మేస్త్రి మోటారు ఆపి, "వడ్లు దంచుతున్నారా సార్? ముక్కు నీళ్ళలో ముంచి తీసే కొంగను చూడలేదా?" అన్నాడు. అయిదు మి.మీ. దించడం, పూర్తిగా బయటికి తీయడం, పొట్టు దులపడం, చల్లారనివ్వడం, మళ్ళీ దించడం. 65 మి.మీ. లోతుకు అలా పదమూడుసార్లు. రెండో గొట్టం ఆ పద్ధతిలో సాఫీగా వచ్చింది.

తరువాత మరచుట్లు. గొట్టమూ పట్టూ కలిసే చోట 11 మి.మీ. వ్యాసంలో, చుట్టుకు 1 మి.మీ. జరిగే సన్నమర. దాన్ని కోస్తున్నప్పుడు నా పదో తరగతి నేరం నాకు లెక్కల్లో అర్థమయింది. వేళ్ళు పట్టే చోటు 14 మి.మీ. అనుకుంటే దాని చుట్టుకొలత దాదాపు 44 మి.మీ. అంటే వేలు 44 మి.మీ. తిరిగితే మర 1 మి.మీ. కదులుతుంది. రాపిడికి కొంత పోయినా, వేలి బలం ఎన్నో రెట్లు పెరిగి ఆ చిన్న మూతి మీద పడుతుంది. పైగా మరచుట్ల అంచులు ఏటవాలుగా ఉంటాయి కదా, బిగించేకొద్దీ అవి చీలికలో దిగిన మేకులా గొట్టం మూతిని బయటికి నెడతాయి. ఒక మి.మీ. గోడ అది ఎంతసేపు ఓర్చుకుంటుంది? అసలు ఆ కీలు దగ్గర సిరా ఆగేది బిగింపు వల్ల కాదు. పట్టు భుజమూ గొట్టం మూతీ ఒకదానిమీదొకటి తిన్నగా కూర్చోవడం వల్ల. ఆ మధ్య కాస్త మైనమో గ్రీజో రాస్తే చాలు. ఆ రోజు నాకు కావలసింది బలం కాదు, ఒక్క గోటి మీది మైనం. పదిహేనేళ్ళవాడికి ఆ మాట ఎవరు చెబుతారు? చెప్పగలిగిన ఒక్క మనిషి జేబులోంచే కదా ఆ కలం దొంగిలించాను.

ఈసారి మూతి గోడ రెండు మి.మీ. ఉంచాను.

అన్నిటికంటే ఎక్కువ ఏడిపించింది మూత. మామూలు మర అయితే మూత ఊడదీయడానికి నాలుగైదు చుట్లు తిప్పాలి. వంగని వేళ్ళతో అన్ని చుట్లు తిప్పమనడం శిక్ష. అందుకని మూడు మొదళ్ళ మర కోయాలి. అంటే 0.8 మి.మీ. దూరంలో పక్కపక్కనే మూడు మరలు, మూడు పాయల జడలా కలిసి సాగుతాయి. అప్పుడు ఒక్క చుట్టుకు 2.4 మి.మీ. కదులుతుంది, చుట్టుంబావులో మూత చేతికొస్తుంది. ఒక మర కోశాక ఉలిని 0.8 మి.మీ. జరిపి రెండోది, మరో 0.8 జరిపి మూడోది. గొట్టం మీద పైకి కనిపిస్తుంది కనుక ఎలాగో కోశాను. మూత లోపల కోయడమంటే కళ్ళకు గంతలు కట్టుకుని కోసినట్టే. మొదటి మూతలో మూడో మర రెండోదాన్ని తినేసింది. రెండో మూత సగంలో ఉండగా కరెంటు పోయింది, ఉలి కదిలిపోయింది. మూడో మూతకు మేస్త్రి నా పక్కన నిలబడి, ప్రతి కోతకూ చేతిచక్రం మీది గీతలు పైకి లెక్కపెట్టాడు. మూత గొట్టం మీదికెక్కి, చుట్టుంబావుకు ఆగి కూర్చున్నప్పుడు ఇద్దరం టీ తెప్పించుకున్నాం.

* * *

నేను మొదటినుంచీ సొంతంగా చేశానని చెప్పుకుంటున్న ఈ కలంలో పాళీ, నాలికా కొన్నవే. పాళీ చేయడం నాబోటివాడికి అందే పని కాదు. సన్నని స్టీలు రేకును అచ్చులో వంచి, కొసకు అరగని మిశ్రలోహపు బిందువును అతికి, ఆ బిందువును రెండుగా చీల్చాలి. దానిని ఇప్పటికీ ఇరిడియం అంటారు గానీ, ఈనాటి పాళీలలో ఆ బిందువు ఎక్కువగా వేరే గట్టి లోహాలతో చేస్తారు. నేను చేసిందల్లా ఆ కొసను కొంచెం గుండ్రంగా సానపట్టడం. ఇంగ్లీషు రాతలో గీతలెక్కువ. తెలుగు అక్షరం ఏ వైపు బయలుదేరినా తిరిగి మొదలుకే వస్తుంది. పాళీ కిందికే కాదు, పైకీ పక్కకీ కూడా నడవాలి. వాడికొస అయితే పైకి తోసినప్పుడల్లా కాగితాన్ని గీరుతుంది.

పాళీ కింద నాలిక ఎబొనైట్‌దే తీసుకున్నాను. దానిని మరిగి దించిన నీళ్ళలో కాసేపు ముంచి, మెత్తబడగానే బొటనవేలితో పాళీకి అదిమి పట్టి చల్లారనిస్తే, రెండూ ఒకదానికొకటి పుట్టినట్టు అంటుకుంటాయి. వేలు కొద్దిగా కాలింది. ప్లాస్టిక్ నాలికతో ఈ సౌకర్యం లేదు.

సిరా పోసి ఇంటి దగ్గర రాసి చూశాను. అద్భుతంగా రాసింది. అరగంట తరువాత, గొట్టంలో సిరా సగానికి వచ్చాక, ఉన్నట్టుండి పాళీ కొసన లావుపాటి చుక్క ఊరి కాగితం మీద పడింది. తుడిచాను, మళ్ళీ పడింది. కీలు చూశాను, పొడిగా ఉంది. రెండురోజులు తల పట్టుకుని కూర్చున్నాక కారణం దొరికింది. గొట్టంలో సిరా తగ్గినచోట గాలి చేరుతుంది. అరచేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి సిరాను కిందికి తోస్తుంది. నా గొట్టం కన్నం 10 మి.మీ.; నిండా పోస్తే 5 మి.లీ. పడుతుంది. సగం ఖాళీ అయితే రెండున్నర మి.లీ. గాలి. అది పది డిగ్రీలు వెచ్చబడితే నూటికి మూడుపాళ్ళకు పైగా పెరుగుతుంది. లెక్కవేస్తే ఒకటిన్నర చుక్క! ఎక్కువ సిరా పట్టాలన్న నా అత్యాశే ఆ చుక్కను కక్కించింది.

మూడో గొట్టం చెక్కాను. కన్నం 8.5 మి.మీ.కు తగ్గించి, గోడ లావు పెంచాను. ఇందులో సిరా మూడున్నర మి.లీ.కు తగ్గింది. వేడి లోపలికి చేరడం నెమ్మదించింది, లోపలి గాలీ తగ్గింది. ఇక పొంగే ఆ ఒక్క చుక్కనూ నాలిక పక్కలనున్న దువ్వెనపళ్ళ లాంటి గాళ్ళు పట్టి ఉంచుకుంటాయి. ఈసారి రెండు పేజీలు ఆపకుండా రాసినా చుక్క పడలేదు.

మెరుగు పెట్టడానికి రెండు ఆదివారాలు పట్టింది. ఎమరీ కాగితం 400 నుంచి 2000 దాకా, నీళ్ళు చిలకరిస్తూ ఒకదాని తరువాత ఒకటి. ముందు కాగితం గీతలు పూర్తిగా పోతే గానీ తరువాతిది పట్టకూడదు. తొందరపడితే ఆ గీతలు చివరి మెరుపులో మళ్ళీ తేలుతాయి. ఆఖరున పెదనాన్నగారి పాత ధోవతి ముక్కతో రుద్దాను. పెద్దమ్మనడిగి ముందే తెచ్చుకున్నాను.

ఇక పేరు. పాత కలం మీద ఉన్నట్టే ఆయన పేరు చెక్కాలని పట్టుదల. 1986నాటి ఒక దస్తావేజు నకలు మీద లేఖరి సంతకం దొరికింది. దానిని పలచని కాగితం మీద దించుకుని, గొట్టానికి అంటించి, సన్నని ఉక్కుమొనతో చేత్తో చెక్కడం మొదలుపెట్టాను. గుండ్రని గొట్టం మీద గుండ్రని అక్షరం! నిలువుగీత దగ్గర మొన నిలిచేది, వంపు దగ్గరకు రాగానే జారేది. పాడైన రెండు గొట్టాల మీదా, పనికిరాని మూతల మీదా తలకట్టులు, సున్నలు, కొమ్ములు దిద్దుకున్నాను. అక్షరాభ్యాసం రెండోసారి జరిగినట్టయింది. తాటాకు మీద గంటంతో రాసినవాళ్ళు, ఆకు చిరగకుండా, ఈ వంపుల్ని ఎంత అలవోకగా తిప్పేవారో తలచుకుంటే చేతులెత్తి దండం పెట్టబుద్ధయింది. నేను చెక్కిన పేరు ఆయన సంతకంలా లేదు. మూడో అక్షరం కొమ్ము కొంచెం వంకర. చెరిపే వీలులేదు కనుక అలాగే తెల్లరంగు నింపాను.

* * *

2025 సంక్రాంతికి ఊరు వెళ్ళాను. భోగి మర్నాటి ఉదయం, పెదనాన్నగారు వసారాలో పడక్కుర్చీలో ఉండగా, కలం ఆయన చేతిలో పెట్టాను. "ఇది మీకు," అన్నాను. అంతకు మించి నోరు పెగల్లేదు.

ఆయన ముందు బరువు చూశారు. తరువాత మూత తిప్పారు. చుట్టుంబావుకే చేతికొచ్చేసరికి కనుబొమలెగరేశారు. పేరు మీద వేలితో తడిమారు, వంకరకొమ్ము దగ్గర ఆ వేలు ఒక్క క్షణం ఆగింది. పట్టు మీద మూడు వేళ్ళూ పెట్టి, తీసి, మళ్ళీ పెట్టారు. పిండిముద్ద గుర్తొచ్చినట్టుంది, చిన్నగా నవ్వారు.

"కాగితం తే."

ఇచ్చాను. ఒడిలో అట్ట పెట్టుకుని రాయడం మొదలుపెట్టారు. చాలా నెమ్మదిగా. ఒక్కో పంక్తికీ ఆగి ఊపిరి పీల్చుకుంటూ. అక్షరాలు పూర్వం మాదిరిగా ముత్యాల్లా లేవు. కొన్ని పంక్తి దిగాయి, కొన్నిచోట్ల వణుకు తెలుస్తోంది. కానీ ఆయన ఒత్తడం లేదు. నుదుటి మీద చెమట లేదు. పావుగంట తరువాత కాగితం నా చేతికిచ్చారు. యాభై ఏళ్ళు రాసిన ఆ కచేరీ భాషలోనే ఉంది:

"తమ్ముని కుమారుడగు చిరంజీవికి పెదతండ్రి వ్రాసి యిచ్చిన చెల్లు రశీదు యేమనగా: 1989వ సంవత్సరము మార్చి మాసములో నా అనుమతి లేకుండ తీసుకొనిపోయి, పగులగొట్టి, చెప్పక దాచిన నల్ల ఎబొనైటు కలము 1కి బదులుగా, నీవు స్వహస్తములతో చేసిన కలము 1 ఈ దినము నాకు ముట్టినది గనుక సదరు బాకీ యావత్తు చెల్లు. సదరు కలము విషయములో ఇకమీదట నీపై నాకు గాని, నా వారసులకు గాని ఏవిధమైన దావాయు లేదు. ఇది నా సమ్మతిని వ్రాసి యిచ్చిన రశీదు."

కింద తేదీ, సంతకం. సాక్షుల చోట పెద్దమ్మ పేరు రాసి, సంతకానికి జాగా విడిచిపెట్టారు.

నేను ఆ కాగితాన్ని రెండోసారి చదవలేకపోయాను. కాసేపటికి గొంతు కూడదీసుకుని, "మీకు తెలుసా?" అన్నాను.

"ఆ ఏడు ఇంట్లో పదో తరగతి పరీక్ష రాసినవాడివి నువ్వొక్కడివేగా," అన్నారు.

"మరి అడగలేదేం?"

"పరీక్షలు నడుస్తున్నాయి కదరా. అడిగితే మిగతావి ఏం రాస్తావు?" అని, ఆగి, "తరువాత అడుగుదామనుకున్నాను. నువ్వే చెబుతావని చూశాను. చూస్తూండగా ఇన్నేళ్ళయింది," అన్నారు.

పెద్దమ్మ వచ్చి, కళ్ళజోడు పెట్టుకుని అంతా చదివి, సాక్షి సంతకం చేసింది. ఆ కలంతోనే. ఆవిడకు పట్టు లావయింది. "రోకలిలా ఉందే" అంది.

పెదనాన్నగారు మూత బిగించబోతూంటే నా చేయి నాకు తెలియకుండానే ముందుకు వెళ్ళింది, ఎక్కువ బిగిస్తారేమోనని. ఆయన రెండు వేళ్ళతో తిప్పి, మర ఆగినచోటే వదిలేశారు. తరువాత కలాన్ని చొక్కాజేబుకు పెట్టుకోబోయారు. ఇత్తడిరేకు వంచి నేను చేసిన క్లిప్పు గుడ్డ మీదికి ఎక్కలేదు. రెండుసార్లు ప్రయత్నించి, తీసి, దానిని ఎగాదిగా చూశారు.

"క్లిప్పు బాగా బిగుతుగా ఉందిరా. జేబు చిరుగుతుంది. అసలు ముట్టిందన్నాను గానీ వడ్డీ సంగతి రశీదులో రాయలేదు. వడ్డీ కింద ఇది సరిచేసి పెట్టు."

ఆ మధ్యాహ్నం పెరటి గట్టు మీద కూర్చుని, శ్రావణం పట్టుకుని, ఆ క్లిప్పును వెంట్రుకవాసి చొప్పున వంచుతూ, ప్రతిసారీ ఆయన చొక్కాకు పెట్టి చూసుకుంటూ గడిపాను.